సైకిలెక్కిన మగ్గం కాళ్ళు

ఈ వయసులో అడవిలో సైకిల్ తొక్కడానికి పోయి పొదలో పడ్డానంటే నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పడినందుకు నాకు పెద్ద సిగ్గేమీ లేదు. మోకాలు గీసుకుపోవడం, రేగుముళ్ళు అరచేతిలో దిగబడటం, ఎప్పుడూ చీరకట్టే మనిషిని మేనకోడలి చుడీదారులో అంతమంది ముందు కాళ్ళు పైకి, తల కిందికి అయి ఉండటం, ఇవన్నీ ఇంటికి పోయి స్నానం చేస్తే పోయేవే. కానీ నేను పడిన తీరు చూసి ఒక మనిషి నన్నొక మాట అడిగాడు. దానికి నేను చెప్పిన జవాబు ఇంకా పోలేదు. ఆ జవాబు వెనక ఏముందో ఎక్కడా చెప్పనని ఒక పెద్దాయనకు అదే రోజు మాటిచ్చాను. ఆయన మొన్న పోయారని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి, ఇంట్లో ఏ పనీ తోచక, ఇది రాయడానికి కూర్చున్నాను.

హారిక నా తమ్ముడు శేఖర్ కూతురు. ధర్మవరంలో మా తమ్ముడికి పట్టుచీరల అంగడి ఉంది. ఆ అంగడిలో కూర్చోనని మొండికేసి, అనంతపురంలో ఉద్యోగం వెతుక్కుని, నా ఇంట్లో ఒక గది ఆక్రమించుకుంది ఈ పిల్ల. టీచరుగా రిటైరై ఒక్కదాన్నే ఉంటున్నాను కాబట్టి నాకూ కుదిరింది. ఆదివారం వస్తే దానికి ఇంట్లో కాలు నిలవదు. ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఊరి బయటి అడవిలో, కొండదారుల్లో తొక్కే లావు చక్రాల సైకిళ్ళ మీద ఒక పగలంతా గుంపుగా తిరుగుతారట. పెద్దగా అలవాటు లేనివాళ్ళు కూడా రావచ్చట. సైకిళ్ళూ హెల్మెట్లూ వాళ్ళే ఇస్తారట, ఎవరినీ వెనక వదిలిపెట్టి పోరట. "నీ పేరు కూడా రాయించినా అత్తా" అంది. కాదంటానేమోనని నా ముఖం చూసింది. నేను కాదనలేదు. అప్పటికి కొన్నాళ్ళుగా అదే నాకు కాలేజీ గ్రౌండులో పొద్దున్నే సైకిల్ నేర్పుతోంది. నేల చదునుగా ఉండి, ఎదురుగా ఎవరూ రాకపోతే, తిన్నగా పోగలిగేదాన్ని. చిన్నప్పుడు మా వీధిలో సైకిల్ తొక్కే ఆడపిల్ల ఒక్కతీ లేదు. పైగా ఆ వయసులో నా కాళ్ళకు వేరే పని ఉండేది. ఆ పని సంగతి హారికకు తెలియదు, వాళ్ళ నాన్నకూ తెలియదు.

మా అడవిని చూసి బయటివాళ్ళు ఇది అడవేనా అంటారు. గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఎర్రమట్టి, తుమ్మ, చండ్ర, బలుసు, రేగు, ఎక్కడో ఒకచోట వేప. వానలు పడిన ఏడు కాస్త పచ్చగా ఉంటుంది, పడని ఏడు గాలి మాత్రమే ఉంటుంది. ఆ రోజు గాలి బాగానే ఉంది. గుంపును నడిపించేది రజియా అని ఒక స్కూల్లో ఆటల టీచరు, నా శిష్యురాలి వయసు పిల్ల. అందరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టించి, గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ పేరూ ఊరూ చెప్పమంది. నా వంతు వచ్చినప్పుడు ఆదిలక్ష్మి, ధర్మవరం, రిటైర్డ్ టీచర్ అని చెప్పి ఊరుకున్నాను. పక్కన హారిక ఊరుకోలేదు. తన జేజినాయన, మా నాయన రంగయ్య అంటే ధర్మవరంలో తెలియని మగ్గం లేదని, ఆయన నేసిన ఆఖరి చీర ఇప్పటికీ తమ అంగడిలో అద్దాల బీరువాలో ఉందని గొప్పగా చెప్పుకుంది. నేను హెల్మెట్ పట్టీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాను. ఎదురుగా నిలబడిన, నాకంటే కొంచెం చిన్నవాడైన ఒకాయన ఆ మాటకు తలెత్తి నన్ను చూశాడు. తన వంతు వచ్చినప్పుడు ఈశ్వరయ్య అని, తనదీ ధర్మవరమేనని, షుగరు వచ్చిందని డాక్టరు సైకిల్ తొక్కమన్నాడని చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చదును దారిలో బాగానే పోయాను. గుట్ట ఎత్తు మొదలయ్యే చోట రజియా అందరినీ ఆపి, చిన్న గేరులో పెట్టుకోమని, కాళ్ళు ఎక్కడా ఆపకుండా గుండ్రంగా తిప్పుతూనే ఉండమని, భయం వేస్తే దూరంగా చూడమని చెప్పింది. తల ఊపాను. సగం ఎత్తులో చక్రం కింద గులకరాళ్ళు జారాయి. అంతే, కాళ్ళూ చేతులూ నా మాట వినడం మానేసి వాటికి తెలిసిన పని మొదలుపెట్టాయి. కుడికాలు పెడల్‌ను అడుగుదాకా తొక్కి అక్కడే ఆగింది. కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి పైకి లేచి, అక్కడ లేని తాడును లాగింది. ఎడమచెయ్యి హ్యాండిల్‌ను రొమ్ముకేసి గుంజింది. మగ్గం మీద అది క్రమం. ఒక కాలు తొక్కి పట్టాలి, పడుగు తెరుచుకుంటుంది. పైతాడు లాగితే పేకదారం మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. పలకను దగ్గరికి గుంజి పేకను కొట్టాలి. అప్పుడు రెండో కాలు. మగ్గం నేలలో పాతుకుని ఉంటుంది కాబట్టి ఎంతసేపు ఆగినా పడదు. సైకిల్‌కు ఆ సహనం లేదు. నేను గుంజిన వైపే తిరిగి రేగుపొదలోకి పోయింది.

నా వెనకే వస్తున్న ఈశ్వరయ్య దిగి ముందు సైకిల్ తీశాడు, తర్వాత నాకు చెయ్యి అందించాడు. హారిక, రజియా పై నుంచి పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ళు దగ్గరికి రాకముందే ఆయన మెల్లగా అడిగాడు. "ఏమనుకోవద్దమ్మా. మీరు మగ్గం నేసినోళ్ళా? ఆ చెయ్యి పైకి పోయింది చూసినా, అది నాడె తాడు లాగే చెయ్యి."

అప్పటికి హారిక వచ్చి నా భుజం పట్టుకుంది. "మా ఇంట్లో ఆడోళ్ళు మగ్గమెక్కరప్పా" అన్నాను.

అది మా అమ్మ మాట. అక్షరం పొల్లుపోలేదు, గొంతు కూడా ఆమెదే. ఏళ్ళకేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, నలుగురిలో మాట్లాడాను, పుస్తకాలు రాశాను, అమ్మ పోయి ఎంతో కాలమైంది, అయినా ఆ మాట నాలుక కొసనే కూర్చుని ఉంది. ఈశ్వరయ్య నా కళ్ళలోకి చూడకుండా, "అట్లనా, నేనే పొరబడినా తల్లీ" అని సైకిల్ హ్యాండిల్ సరిచేయడంలో పడిపోయాడు. ఆయన పొరబడలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నా అబద్ధాన్ని నా పరువు కోసం ఆయన మోశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఇల్లు రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగానికి పైగా మగ్గమే. అందులోకి వస్తే మొదట తగిలేది వాసన. తడిపిన పట్టు వాసన, పడుగుకు పెట్టే గంజి పులుపు, మగ్గం కింద తవ్విన గుంతలో నుంచి వచ్చే చెమ్మ వాసన, సాయంత్రమైతే కిరసనాయిలు. ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నాయన పొద్దున కూర్చుంటే అమ్మ పిలిస్తే తప్ప లేచేవాడు కాదు. నేసేటప్పుడు మాట్లాడితే నచ్చదు, పక్కన తుమ్మినా నచ్చదు. మధ్యమధ్యలో ఆగి, నేసిన మేర మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిమిరేవాడు. తప్పు పోగు ఉంటే కంటికంటే చేతికి ముందు తెలుస్తుందనేవాడు. అమ్మ పనులు ఇంట్లో మూలమూలనా ఉండేవి. పట్టు చిక్కు తీయడం, కండెలు చుట్టడం, పురి పెట్టడం. పని చేస్తూ చేస్తూ జొన్నరొట్టె తట్టి వచ్చేది, చేతికి పిండి ఉండగా పట్టు ముట్టేది కాదు. వేరే వీధుల్లో ఆడవాళ్ళు నేసేవాళ్ళు, మగవాళ్ళతో సమానంగా. మా నాయనకు అది చిన్నతనం. ఆడమనిషి గుంతలో కాళ్ళు పెట్టి, పావడ మోకాలి మీదికి లాక్కుని కూర్చుని నేస్తే, ఆ కూలి డబ్బులతో మగవాడు అన్నం తినడం ఎట్లా అనేవాడు. నన్ను రాట్నం ముందు మాత్రం కూర్చోనిచ్చేవాడు.

ఆయన కుడిచెయ్యి వణకడం మొదట టీ గ్లాసు దగ్గర బయటపడింది. చలికనుకున్నాం. మా ఊళ్ళో చలి ఎంతని. తర్వాత పలక దెబ్బ దెబ్బకూ తేడా రావడం మొదలైంది. ఒకచోట నేత దట్టంగా, ఒకచోట పలచగా. నిమిరి చూసుకుని, విప్పి, మళ్ళీ నేసి, మళ్ళీ విప్పేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వరకూ అట్లా విప్పుతూ కూర్చుని, లేచి పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడ్చాడో లేదో తెలియదు, మేము చూడలేదు, చూడగూడదని అమ్మ తలుపు దగ్గరికి వేసింది. వేసి, వీధి తలుపుకు కూడా గొళ్ళెం పెట్టి వచ్చి, నన్ను చూసి "దిగు" అంది. ఎక్కడికి దిగమంటోందో అర్థమవడానికి కాసేపు పట్టింది. అంతకాలం పక్కన కూర్చుని చూసిన పనే కాబట్టి చేతులకు తెలుసు. కాళ్ళే అందలేదు. తొక్కుడు చెక్కలు నాయన కాళ్ళ పొడవుకు కట్టి ఉన్నాయి. అమ్మ గుంతలోకి వంగి, ఆ తాళ్ళు పొట్టిగా బిగించి కట్టింది.

అప్పటి నుంచి ఆ మగ్గం నాది. నాయన వెనక పీట మీద కూర్చునేవాడు. కోపంగా ఉన్నాడో, బాధగా ఉన్నాడో తెలిసేది కాదు. "తొక్కి పట్టు. తొందరేం లేదు. తొక్కి పట్టు" అని మాత్రం అనేవాడు. అందుకే నా కాలు ఇప్పటికీ తొక్కి పడుతుంది. స్కూలు నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకు తగిలించి గుంతలోకి దిగితే, రాత్రి అన్నానికే లేచేదాన్ని. సెలవుల్లో ఇక చెప్పనక్కరలేదు. శేఖర్ అప్పుడు పసివాడు. కొంచెం ఊహ తెలిసే వయసు రాగానే వాడిని చిలమత్తూరులో మా అమ్మమ్మ ఇంటికి చదువుకని పంపేశారు. పట్నం పిల్లవాడిని పల్లెకు చదువుకు పంపడమేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. ఎందుకు పంపారో మాకు ముగ్గురికీ తెలుసు. నాకు మగ్గం మీద ఇష్టం లేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. చీర కొంగు నా చేతి కింద పూర్తవుతుంటే ఒళ్ళు తేలిపోయేది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోకూడదన్నదే నా బాధ. స్నేహితురాళ్ళు పిలిస్తే అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, అది లోపల అన్నం వండుతోందనేది. అన్నం ఎవరింట్లోనైనా అంతసేపు ఉడుకుతుందా? ఎవరైనా మగ్గం చప్పుడు గురించి ఆరా తీస్తే ఆ మాట అనేది. మా ఇంట్లో ఆడోళ్ళు మగ్గమెక్కరప్పా.

మాకు పట్టూ జరీ ఇచ్చే షావుకారు దగ్గర గుమాస్తా నంజుండప్ప. మగ్గాలు ఎంతవరకూ వచ్చాయో చూడటానికి సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. మంచి జరీ నమ్మకమైన చేతికే ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆయన మాటే మాకు అన్నం. గల్లీ మొదట్లో ఆయన బెల్లు వినబడగానే ఇంట్లో మాట లేకుండా పని జరిగిపోయేది. నేను గుంతలోంచి పైకొచ్చి పావడ దులుపుకుని రాట్నం ముందు కూర్చునేదాన్ని. నాయన గుంతలోకి దిగి, వణికే చేతిని పలక మీద ఆనించి, అది కదలకుండా రెండో చెయ్యి దాని మీద పెట్టేవాడు. నేను కూర్చున్న చోటు ఇంకా వెచ్చగా ఉండేది కదా, ఆ వెచ్చదనం మీదే ఆయన కూర్చునేవాడు. నంజుండప్ప వచ్చి, మజ్జిగ తాగి, చీర మీద చెయ్యి వేసి, చెయ్యంటే నీదప్పా రంగయ్యా అనేవాడు. నాయన తల వంచుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను కండె వైపు చూసేదాన్ని. నన్ను పొగడలేదన్న ఏడుపు కాదది. అంత పెద్ద మనిషి, మా వీధికి పంచాయతీ చెప్పే మనిషి, పరాయివాడి ముందు అట్లా నవ్వవలసి వచ్చిందే అని సిగ్గు. ఆ సిగ్గు ఆయనదో నాదో ఇప్పటికీ విడదీయలేను.

ఇదంతా ఆ పొద పక్కన బండ మీద కూర్చుని ఉండగా నా మనసులో తిరిగింది. రజియా మోకాలికి మందు రాసి, కట్టు కట్టి, నడిపించుకుంటూ పైకి తీసుకెళ్ళింది. గుట్ట మీద ఒక వేపచెట్టు కింద అందరూ అన్నాలు విప్పారు. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటూ అటు పోయారు. హారిక నా అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసుతో ముళ్ళు తీస్తూ కూర్చుంది. ఈశ్వరయ్య తన చిత్రాన్నం డబ్బా తెచ్చి మా పక్కన కూర్చున్నాడు. కాసేపు షుగరు గురించి, వానల గురించి మాట్లాడాడు. తర్వాత తాను నంజుండప్ప కొడుకునని చెప్పాడు. నాయన ఇంకా ఉన్నాడని, మంచం దిగలేడు గానీ మాట గట్టిగానే ఉందని చెప్పాడు.

ఆయన నన్ను అడగలేదు, నిలదీయలేదు. హారికకు చెబుతున్నట్టుగా, వాళ్ళ నాయన ఇంట్లో అమ్మతో మాట్లాడుకుంటుంటే చిన్నప్పుడు విన్న సంగతంటూ చెప్పాడు. ఒక ఇంట్లో తొక్కుడు చెక్కల తాళ్ళు పొట్టిగా కట్టి ఉండేవట. ఆ ఇంటి పెద్ద గుంతలో కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి చీరకు తగిలేవట. అట్లా కూర్చుని ఎవరూ నేయలేరని మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషికి తెలియదా. "మా నాయన ఆ గల్లీ కాడికొచ్చేసరికి బెల్లు కొడతాండె. అడ్డం ఎవరూ లేకున్నా కొడతాండె. వాళ్ళు సర్దుకుంటారులే అని ఆగి, మెల్లగా పోతాండె" అన్నాడు.

హారిక చేతిలో పిన్నీసు ఆగింది. దాన్ని తెలివితక్కువదనుకునే వీలు లేదు. నా ముఖం చూసింది, నా చెయ్యి చూసింది, మళ్ళీ ముఖం చూసింది. నాకు ఏమనిపించిందో దాచుకోకుండా చెబుతాను. మమ్మల్ని కాపాడాడని ఆ గుమాస్తా మీద కృతజ్ఞత కలగలేదు. ఒళ్ళంతా మండింది. అన్నాళ్ళూ తలుపులు వేసుకుని, ఊపిరి బిగబట్టి మేము ఆడిన నాటకాన్ని ఒక మనిషి జాలిపడి చూసి, చప్పట్లు కొట్టి పోయాడు. అది తెలియక నాయన ఆ పొగడ్తకు నవ్వేవాడు. ఆ క్షణంలో నాకు ఒకటే పట్టుదల వచ్చింది. ఈ సిగ్గు ఇక మోయను, నేసింది నేనేనని ఆ మనిషి చేతనే ఒప్పించుకుంటాను. ఫోన్ కలపమని ఈశ్వరయ్యను అడిగాను. పెద్దాయనకు చెవులు మందమని ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టి నా చేతికిచ్చాడు.

"నంజుండప్ప మామా, నేను రంగయ్య కూతురు ఆదిలక్ష్మిని" అన్నాను. అటువైపు నుంచి పెద్దాయన, "రాట్నం కాడ కూర్చుంటాండిన పాపవు గదా" అన్నాడు. గొంతు సన్నబడింది గానీ అదే గొంతు.

"రాట్నం కాడ కాదు మామా. ఆ చీరలన్నీ నేనే నేసినా."

ఆయన, "మీ నాయన చెయ్యి బంగారమమ్మా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మీకు తెలుసంట గదా, మీ అబ్బాయి చెప్పినాడు, ఇంకా ఎందుకు ఆ మాట అంటారని గట్టిగానే అడిగాను.

"తెలుసు పాపా. మీ నాయన ఒగ దినం నా వెనకాలే గల్లీ కొసదాకా వచ్చినాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ వణుకు నా చేతులకు తగిలింది. ఆడబిడ్డ రెక్కల కష్టం తింటాండా నంజుండప్పా, నా కొడుక్కి మాత్రం ఈ మాట తెలీకూడదు, వాడు తలెత్తుకొని బతకల్ల, అన్నాడు. నేను మాటిచ్చినా." ఊపిరి తీసుకుని అడిగాడు. "నీ పక్కన ఎవరన్నా ఉండారా?"

హారిక నా చెయ్యి పట్టుకునే ఉంది. దాని పిన్నీసు కొన నా అరచేతి మీదే ఉంది. ఈశ్వరయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవరూ లేరు మామా" అన్నాను.

"అట్లయితే సరే. శేఖరుకే కాదు, యాడా చెప్పొద్దు తల్లీ." చెప్పనన్నాను.

నంజుండప్పకు తెలుసని నాయనకు తెలుసు. ఆ పొగడ్త ఉత్తదని తెలిసే ప్రతిసారీ తల వంచుకుని నవ్వాడు. ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి, ఆ వణికే చేతులతో గల్లీ కొసన ఒక గుమాస్తా చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడు. నాకు దక్కవలసిన మాట కోసం పట్టుబట్టి నేను వినిపించుకున్నది అది. నేను టీచరునయ్యాను, నా జీతం నా చేతికి వచ్చింది, ఇప్పటి ఆడపిల్లలు నాన్నలకు డబ్బు పంపితే ఆ నాన్నలు నలుగురికీ చెప్పుకుని మురుస్తున్నారు. మా హారికే ప్రతి నెలా వాళ్ళ నాన్నకు పంపుతుంది, శేఖర్ ఆ సంగతి అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అదే ఊళ్ళో, దాదాపు అదే వీధిలో, నా కూలి అన్నం నాయన గొంతులో అడ్డం పడింది. కాలం మారిందని రాయడం సులువు. ఆ రోజు నాకు మాత్రం ఒక్క అడుగు కూడా మారినట్టనిపించలేదు. పక్కన బిడ్డను పెట్టుకుని ఎవరూ లేరన్నాను.

దిగేటప్పుడు సైకిల్ తొక్కలేదు. తోసుకుంటూ నడిచాను, హారిక కూడా దిగి నాతో నడిచింది. అది ఏమైనా అడుగుతుందని ఎదురుచూశాను. అంగడిలో అద్దాల బీరువాలో ఉన్న ఆ వంకాయరంగు చీర ఎవరిదని అడిగితే ఈసారి నిజమే చెప్పాలనుకున్నాను. అది అడగలేదు. దారిలో రాళ్ళున్న చోట మాత్రం నా సైకిల్ వెనక పట్టుకుంది.

ఇల్లు చేరి స్నానాలు చేశాక శేఖర్ ఫోన్ చేశాడు. ఫోటోల్లో నా కట్టు చూశాడట. ఈ వయసులో అడవులూ గుట్టలూ అవసరమా అని నన్ను తిట్టి, తీసుకుపోయినందుకు కూతురిని తిట్టి, చివరికి నవ్వుతూ, "చదునులో బాగానే తొక్కుతాండావంట గదక్కా, యాడ తప్పినావు?" అన్నాడు.

వాడికి చెప్పాలంటే అది ఒక్కటే సందు. నాయన మాట, నంజుండప్ప మాట, నేనిచ్చిన మాట, అన్నీ కలిసి నాలుక మీద కూర్చున్నాయి. హారిక తల తుడుచుకుంటూ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"రాయి జారింది నాన్నా. అంతే. నేను పక్కనే ఉండి చూసినా" అంది.

తడుముకోలేదు, తొట్రుపడలేదు. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఆ అబద్ధం మా అమ్మ నాకు నేర్పడానికి ఏళ్ళు పట్టింది. నేను ఈ పిల్లకు ఒక్క పూటలో నేర్పేశాను.